పట్టు విడుపు

నోయా రేవులో నా అపాయింట్‌మెంట్ పుస్తకం
గడియారం మాట వినదు.
పోటు మీదున్నప్పుడే బల్లలు నిండుతాయి.
ఆటు తీసిందా, ఆడవాళ్లంతా
నడుం లోతు చన్నీళ్లలో నిలబడి
ఇనుప పళ్ల దంతెలతో సముద్రం అడుగుని దువ్వుతూ
గుల్లలు ఏరుకుంటుంటారు.

బల్బీనా మొదటిసారి వచ్చినప్పుడు
కుడిచేతిని ఎడమచేత్తో మోసుకొచ్చింది,
పక్కింటివాళ్ల పసిబిడ్డని ఎత్తుకున్నట్టు
కొంచెం విసుగ్గా, చాలా జాగ్రత్తగా.
ముప్ఫై నాలుగేళ్లు దంతె లాగిన భుజం
ఓ తెల్లవారుజామున పట్టేసింది.
గడ్డకట్టిన భుజం అన్నాడట డాక్టరు.
"గడ్డకట్టడానికి ఇదేమన్నా చేపా?" అంది నాతో.

కోణమాపని పెట్టి చూశాను.
ముందుకి డెబ్బై. పక్కకి యాభై ఐదు.
వెనక్కి, అసలు లెక్కే లేదు.
చెయ్యి తుంటి దగ్గరే ఆగిపోయి
మూసిన కొట్టు ముందు మనిషిలా నిలబడింది.

ఫారంలో ఒక గడి ఉంటుంది: రోగి లక్ష్యం.
జనం ఏం రాయిస్తారో నాకు కంఠతా వచ్చు,
పై అరలో డబ్బా, కారు స్టీరింగు, నొప్పి లేని నిద్ర.
బల్బీనా తలుపు వైపోసారి చూసి
గొంతు తగ్గించింది:
"బాడీ కొక్కెం వెనక్కి నేనే పెట్టుకోవాలి."

ఎనిమిది నెలలుగా ఆ పని అమారోది.
తాళ్లు లాగి లాగి మొద్దుబారిన వేళ్లు,
వల చిక్కుని చీకట్లో విప్పగల వేళ్లు
పొద్దున్నే రెండు చిన్న కొక్కేల దగ్గర తడబడి
"ఊపిరి బిగబట్టు" అని ఆమెని కసురుతాయట,
బిగబట్టేది తనే అయినా.

గోడ మీద పెన్సిలు గీతలు గీశాను.
వేళ్లు చీమల్లా పైకి పాకాలి.
ఆమె నడుం వంచి ఒక గీత దొంగిలించేది.
"నడుం కాదు, భుజం" అంటే
"రెండూ నావేగా!"
కప్పీ తాడు, వేడి తడిగుడ్డ,
బావిలో చేదలా చెయ్యి వేలాడదీసి
చిన్న చిన్న సున్నాలు చుట్టడం.
ఎనభై ఐదు.
ఎనభై ఐదు.
మళ్లీ ఎనభై ఐదు.

ఓ మంగళవారం నాకే ఓపిక తెగింది.
ఇంకో రెండు డిగ్రీల కోసం తోశాను.
ఆమె అరవలేదు. బల్ల అంచు రెక్సిన్ మీద
నాలుగు గోళ్ల గుర్తులు.
రెండు వారాలు కనపడలేదు.

వచ్చిన రోజు ఒక సంచీ నా బల్ల మీద పెట్టింది,
ఇంకా నీళ్లు కారుతున్న గుల్లలు, చెల్లెలు ఏరినవి.
"కత్తి పెట్టి తెరిస్తే మాంసం చిరుగుతుంది పిల్లా.
ఆవిరి పట్టు. అదే నోరు తెరుస్తుంది."
పదకొండేళ్లుగా చేస్తున్న నా పని నాకు చెప్పి
కోటు విప్పి పడుకుంది.

(ఇంకెవరికీ చెప్పని సంగతి:
నా బొటనవేలి మొదట్లో కూడా ఒక నొప్పి ఉంది.
క్లినిక్కు మూశాక కరిగిన మైనంలో ముంచుతాను.
దానికి ఫారం లేదు, గడీ లేదు.)

మార్చిలో ఓ పోటు వేళ
నేనేమీ అడగకముందే
ఆమె చెయ్యి వెనక్కి పోయింది.
తుంటి దాటింది. నడుం దాటింది.
వెన్నుపూసల మెట్లు ఒక్కోటీ తడుముకుంటూ
కొక్కెం దాకా ఎక్కి
విప్పింది. పెట్టింది.
మళ్లీ విప్పి, మళ్లీ పెట్టింది.

"ఇంక అమారోకి సెలవన్నమాట" అన్నాను.

గుమ్మడికాయల దొంగెవరంటే
భుజం తడుముకున్నట్టు
తడుముకుంది బల్బీనా.
ఆ తడిమింది కుడిచెయ్యి!
ఎడమ భుజం మీదుగా రెక్క ఎముక దాకా,
గోడ సాయం లేకుండా, నడుం దొంగతనం లేకుండా.
కోణమాపని కోసం చెయ్యి చాచి
ఊరుకున్నాను.

ఆఖరి గడి: లక్ష్యం నెరవేరిందా?

"ఇంకా లేదని రాయి"
గుండీలు పెట్టుకుంటూ అంది, నా వైపు చూడకుండా.
"చలి తగ్గేదాకా పట్టొచ్చని కూడా రాయి."

రాశాను.
కిటికీ బయట నీళ్లు వెనక్కి తీస్తున్నాయి.
గోడకి ఆనించిన దంతె తీసి
ఏ భుజం మీద పెట్టుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించి
వీధి మలుపు దాకా ఎడమ భుజం మీదే మోసింది.