కుడిపక్క

విట్టెన్‌బెర్గెలో, పాత కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ వెనక
రెండు రాళ్ళదారులు ఒకదాన్నొకటి కోసుకునే చోట
సిగ్నలు లేదు, బోర్డు లేదు.
కుడినుంచి వచ్చేవాడిదే దారి.
అంతే చట్టం.

అరవై రెండేళ్ళ హైద్రూన్‌కి ఇది తొమ్మిదో పాఠం.
నలభై ఏళ్ళు కుడి సీట్లోనే కూర్చుంది,
మలుపు మలుపుకీ మెడ తిప్పి చూసి
"పోనీ, ఎవరూ లేరు" అంటూ.
ఆ మాట మీదే ఎక్కెహార్ట్ స్టీరింగు తిప్పేవాడు.

ఇవాళ నాలుగు దిక్కులనుంచీ నాలుగు బళ్ళు
ఒక్క క్షణానే వచ్చి ఆగాయి:
రొట్టెల వ్యాను, పసుపుపచ్చ పోస్టు బండి,
కిటికీలోంచి కుక్క తొంగిచూస్తున్న ఎర్ర కారు, ఈమె.
ప్రతివాళ్ళకీ కుడిపక్కన ఇంకొకరున్నారు.
చట్టం నోరు మూసుకుంది.
వైపర్లు మాత్రం అటూ ఇటూ.

"ఇప్పుడెలా?"
"ఎవరో ఒకరు తమ వంతు వదులుకోవాలి"
అన్నాడు నేర్పే కుర్రాడు, నిన్న చదివిన పాఠంలా.

హైద్రూన్ ఎడమకి తిరిగి అరచెయ్యి చాపింది.
రొట్టెలు వెళ్ళాయి.
చిక్కుముడిలో ఒక పోగు లాగినట్టు
ఉత్తరాలు వెళ్ళాయి, కుక్క వెళ్ళింది.

కూడలి ఖాళీ.
మెడ కుడికి తిప్పి చూసి
"పోనీ, ఎవరూ లేరు" అంది.
బండి కదల్లేదు.

కుర్రాడు కాసేపు ఆగి, మెల్లిగా,
"మేడమ్, ఫస్టు గేరు."