బోరు నంబరు ఆరు

బండి గుట్టెక్కే చప్పుడుకు
మా యమ్మ టెంకాయ పట్టుకోని పరిగెత్తింది.
"ఎన్ని ఇంచులు పడచ్చునప్పా?"
మహాపాత్ర సారుకు తెలుగు సగమే వచ్చు.
"నీళ్ళు కాదమ్మా, రాయి" అన్నాడు.
రాయి కోసరం ఎవరైనా బోరేస్తారా,
మా చేన్లో మడక పెడితే చాలు, తేలుతాది కదా!
అయినా కొట్టింది టెంకాయ.
తెచ్చింది వెనక్కి తీసకపోగూడదంట.

సర్కారు లెక్కలో అది బోరు నంబరు ఆరు.
మా యింటి లెక్కలోనూ ఆరే.
ఒకటోది శెనక్కాయలమ్మి,
రెండోది ఎద్దులమ్మి వేయించినాడు మా నాయన.
మూడోది మున్నూరు అడుగుల కాడ తడిమన్ను కక్కి
మూన్నాళ్ళు నవ్వించింది.
నాలుగూ ఐదూ సంగతి
మా యింట్లో ఎత్తరు.

నాకు రోజుకు నాలుగు నూర్లు.
పైపులోంచి జారే రాతికడ్డీని విరక్కుండా పట్టి,
కడిగి, రేకుపెట్టెలో పండబెట్టి,
ఎర్రరంగుతో లోతు రాయడం పని.
నలభై రెండు మీటర్లు. నలభై మూడు.
"చేతిరాత బాగుంది" అన్నాడు సారు.
పది తప్పినాక ఎవరూ అనలేదు ఆ మాట.
ఎండాకాలమంతా నిప్పుకక్కే ఈ గుట్ట
కడుపులో ఇంత సల్లగుంటాదని
కడ్డీని చెంపకానిచ్చుకున్నాకనే తెలిసింది.

అమాస రాత్రి ఊదా దీపం తెచ్చినాడు.
పగలు తెల్లరాయి పక్కన తెల్లరాయి,
ఏది ఏదో దేవునికే తెలియాల.
దీపం పడంగానే కడ్డీ నడుమ
చుక్కలు చుక్కలుగా లేచింది
వెన్న తీసిన పాల నీలం.
"టంగ్‌స్టన్ ఇందులోనే. బల్బు తీగ తెలుసు కదా?"
తెలుసు.
మాడిపోయిన బల్బును చెవికాడ ఊపేవాళ్ళం,
తెగిన తీగ లోపల చిన్నగా గలగలమనేది.
ఆ గలగల కోసరమా ఇంత గుట్ట?
దీపం తిప్పితే నా చొక్కా మెరిసింది,
సారు పళ్ళు మెరిసినాయి,
నా కాలి పక్కన, పచ్చగా, తేలు మెరిసింది.
తేలును సారు బుక్కులో రాసుకోలేదు.
నేనూ ఎందుకో చెప్పు తీయలేదు.

వజ్రాల ముక్కు కాలిపోకుండా
దినానికి రెండు ట్యాంకర్లు కల్యాణదుర్గం దావనుంచి.
బిందెలు చంకన పెట్టుకోని
ఆడోళ్ళు చూస్తా నిలబడేవాళ్ళు,
బొరియలోకి పోతాండే నీళ్ళను.
ఎనభై ఒకటో మీటరు కాడ
పోసిన నీళ్ళు తిరిగి పైకి రాలేదు.
మిషను ఆపినారు. మళ్ళీ పోసినారు. రాలేదు.
"నీటి నష్టం" అని రాసుకున్నాడు సారు.
"యాడికి పోయినాయి?" మా యమ్మ.
"లోపల పగులుంది. పోయినాయి."

తెల్లారి మూడో బోరు కాడ చూసినా ఆమెను.
బోర్లా పడుకోని,
పైపులోకి ఒక గులకరాయి వదిలి,
చెవి ఆనించి.
టక్కుమనిందో, బుడుక్కుమనిందో
నాకు చెప్పలేదు.
మరుసటి దినమూ పోయింది.
ఆ మరుసటి దినమూ.

పెట్టెలు లారీకెక్కినాయి. రేకుల షెడ్డు విప్పినారు.
"పడిందా?" అని అడిగింది ఊరంతా,
నీళ్ళను అడిగినట్టే.
"రిపోర్టు రావాల" అన్నాడు సారు.
రిపోర్టు మాటకే గుట్టకింద ఎకరా ధర
ఓబులపతి టీ కొట్లో రెండింతలైంది,
టీ సల్లారే లోపల మళ్ళీ పడిపోయింది.

కడపటి దినం రంధ్రాన్ని సిమెంటుతో మూసినారు.
పచ్చి మీద నంబరు నాతోనే రాయించినారు,
చేతిరాత బాగుందని.
ఆరు. కింద తేదీ.
బండ్లు దిగిపోయినాక
మా యమ్మ వచ్చి వంగి చూసింది,
ఆమెకు చదువు రాదు, అంకెలొస్తాయి.
మిగిలిన సిమెంటు తట్ట నా పక్కకు జరిపింది.
"మన ఐదింటికీ రాయి నాయనా,
ఇది గట్టిపడకముందే.
తేదీలు నేను చెప్తా."