ఉప్పుసందు

మా టెక్కలిలో ఉప్పుసందు అంటే
ఎవరికీ ఉప్పు గుర్తుకు రాదు.

"ఈ యేడు ఉప్పుసందు బిగిసిపోయింది" అంటాడు
యూరియా బస్తా దగ్గర ఆగిపోయిన రైతు.
"ఉప్పుసందు ఒప్పుకుంటే బోరు దింపీడమే" అంటాడు పక్కవాడు.
జీడిపిక్కల బట్టీ కొర్రాయి దండాసి
పళ్ళు తోముకుంటూ అడుగుతాడు:
"ఉప్పుసందు ఏటంటంది?"
అలిగిన పెద్దమ్మ సంగతి కనుక్కున్నట్టు.

సందుకి నోరుందా?
పదహారడుగుల వెడల్పు, నడుమ మురుక్కాలవ,
మలుపులో ఎప్పుడూ పడుకునుండే ఎర్రావు.

నేను బోర్డులు రాస్తాను.
ఆ సందులో నా చెయ్యి పడని గుమ్మం లేదు.
ఫైనాన్సు, చిట్స్, బంగారంపై తక్షణ రుణ సదుపాయం.
అక్షరానికింత అని పుచ్చుకుంటాను గనక
సదుపాయం ఎంత పొడుగైతే నాకంత మంచిది.

తాత చెప్పేవాడు,
నౌపడా మళ్ళ నుంచి బళ్ళు దిగేవట,
పొట్నూరు గవరయ్య కుంచంతో కొలిచి
"పంటొచ్చాక ఇద్దువులే" అని
గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడట.
కుంచానికో గీత.
వాన కొడితే ఉప్పు కరిగిపోయేది,
చూరు కింద గీత అలాగే ఉండేది.
అది చూసే కాబోలు
గవరయ్య కొడుకు ఉప్పు మానేసి
గీతలమ్మడం మొదలెట్టాడు.

వాళ్ళ మనవడు మొన్న
హైవే పక్కన అద్దాల మేడ లేపాడు.
లిఫ్టు, ఏసీ, టోకెన్లిచ్చే మిషను.
బోర్డు నాది కాదు,
విశాఖ నుంచి వెలిగే అక్షరాలు తెప్పించాడు.
ఆ అక్షరాలు ఊరు చదవనే లేదు.
వారం తిరక్కుండా
"కొత్త ఉప్పుసందు" అనీసింది.
అక్కడ ఉప్పూ లేదు, సందూ లేదు.
ఉ తుడిచి అ రాస్తే సరిపోను,
ఒక్కక్షరం కూలి,
ఎవరూ పిలవలేదు.

నిన్న సాయంత్రం పాత సందులో
నిచ్చెన మీదున్నాను.
భావనపాడు మనిషి, నెత్తిన గంప,
గంప కింద నీళ్ళ చార.
"ఉప్పుసందు ఇదేనా బావూ?
కల్లుప్పు ఏ కొట్లో ఉంటాది?"

కింద గుమస్తాలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.
"ఏం పెడతావేటి తాకట్టు?" అన్నాడో కుర్రాడు.
ఆమె చెయ్యి దానంతటదే
ముక్కుపుడక మీదికి వెళ్ళింది.
"తాకట్టేటి? సేపలు పాడైపోతన్నాయి. ఉప్పు."

మెయిన్ రోడ్డు మీది కిరాణా కొట్టు
కుంచెతోనే చూపించాను,
అక్కడ పాకెట్లుంటాయని.

"పాకెట్టుప్పు సేపకి పట్టదు బావూ" అంటూనే
అటే వెళ్ళింది.

కుంచె కొసన రంగు ఆరిపోతోంది.
రుణంలో ణ సగంలో ఉంది.
పూర్తి చేశాను.