తూంగినియా

ఈ ఊరొచ్చిన కొత్తలో నా తమిళం
జేబు డైరీలో నాలుగు పేజీలు.
ఎడమవైపు వాళ్ళ మాట, కుడివైపు దాని అర్థం,
అంచుల్లో పిల్లల మందుల మోతాదు.

వలి అంటే నొప్పి.
మా నందికొట్కూరులో వలి
తెల్లారుజామున శనగచేల మీదుగా వచ్చే గాలి.
"వలిక్కుదా?" అని పొట్ట మీద చేయి వేసినప్పుడల్లా
ముందు నాకే జలదరించేది.

మూచ్చు అంటే ఊపిరి. మూర్ఛ కాదు.
తేడా తెలియక మొదటి వారం
ఒక తల్లి చెప్పింది తప్పు గడిలో రాశాను.
సార్ రౌండ్సులో కేస్‌షీటు ఎత్తి పట్టుకుని
పదకొండు మంది ముందు పైకి చదివారు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
అది కూడా డ్యూటీలోదే.

సొల్లుంగమ్మా, సొల్లుంగ.
ఇంట్లో సొల్లంటే పనికిమాలిన కబురు,
ఇక్కడ అదే హిస్టరీ.
జ్వరం ఎన్నాళ్ళదో అందులోనే ఉంటుంది,
తాకట్టు పెట్టిన కమ్మలూ అందులోనే.

ఎగ్మూరు రైళ్ళు వినబడే హాస్టల్లో
బకెట్లో నానేసిన ఏప్రన్లు మూడోరోజుకి కంపు కొట్టాయి.
ఫోన్లో మామయ్య షుగర్ రిపోర్టు,
పిన్ని మోకాలి ఎక్స్‌రే,
ఎవరిదో తెలియని నాలుక ఫొటో.
పక్కగది యాళిని సీటు వదిలేసి వెళ్ళిపోయింది
బాండు డబ్బు కట్టి, ఫ్లాస్కు నా చేతిలో పెట్టి.
ఎక్కడ నొప్పని రోజుకి అరవైమందిని అడిగేదాన్ని
ఆమెని అడగలేదు.
ఎన్నిసార్లు కడిగినా ఫ్లాస్కులో శొంఠి వాసన పోదు.

నిన్న, నిన్నేనా, ముప్ఫై గంటల కింద
ఏడో నంబరు మంచం.
పసి అంటే మనకి బిడ్డ. వాళ్ళకి ఆకలి.
"పసిక్కుదు డాక్టర్" అన్నాడు ఆరేళ్ళ కదిరవన్.
పేగు పగిలింది, ఆపరేషన్ ముందు నోటికేమీ ఇవ్వకూడదు.
"కొంజం ఇరు" అన్నాను. కొంచెం ఆగమని.
ఆగలేదు.
మూడూ నలభై అని టైము రాసి సంతకం పెట్టాను.
మూడూ నలభై అయిదుకి ఎనిమిదో నంబరుకి సెలైన్ మార్చాను.
మధ్యలో అయిదు నిమిషాలు నేనెక్కడున్నానో
ఏ రిజిస్టర్లోనూ లేదు.

పొద్దున్నే మెట్ల దగ్గర ఫినాయిల్ బకెట్టుతో
ఆయా పూంగావనం నన్ను ఆపింది.
"తూంగినియా?"
పడుకున్నావా అని.
ఆ మాట డైరీలో ఉంది,
రాత్రి బిడ్డ తూంగాడా అని తల్లుల్ని అడగడానికి.
నన్నెవరూ అడగరు గనక
జవాబు రాసుకోలేదు.
మా భాషలో తూగడమంటే నిలబడే ఒరిగిపోవడం.
"తూగుతున్నానక్కా" అన్నాను, తెలుగులోనే.

ఆమెకేం అర్థమైందో,
బకెట్టు దించి, ఒక మెట్టుని కొంగుతో తుడిచి
"ఉక్కారు" అంది.
కూర్చున్నాను.
లిఫ్టు రెండుసార్లు వచ్చి వెళ్ళింది.
ఫోను మోగింది. వార్డు నంబరే.
నా చేతిలోంచి తీసుకుంది పూంగావనం,
ఫినాయిల్ చేత్తోనే, ఎవరి అనుమతీ లేకుండా.

"కొంజం ఇరుంగ" అంది.

అవతల ఎవరో ఆగారు.