ఎన్ని కప్పులు?

మొదటి వారం ఎనిఫా మేడమ్
మాకు బిడ్డను పట్టడం నేర్పలేదు.
ఎర్ర గోంగూర కాయలు ఉడికించిన నీళ్ళు
బకెట్‌లో తెచ్చి
నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డను బల్ల మీద పరిచి
దాని మీద పోసింది.
"ఎన్ని కప్పులు?"

మంగోచిలో, సరస్సు గాలికి
రేకులు టకటకలాడే గది. పద్నాలుగు మందిమి.
అర కప్పు, అన్నాను నేను.
ఒకటి, అంది వెజి. వెనక ఎవరో నవ్వారు.
మేడమ్ గుడ్డను జాడీలోకి పిండింది,
తొందర లేకుండా, చివరి చుక్క దాకా.
మూడు.

"గుడ్డ అబద్ధమాడుతుంది.
పువ్వుల గుడ్డయితే మరీను.
మీ కన్ను కూడా ఆడుతుంది,
తక్కువే పోవాలని దాని ఆశ.
ఎంత కనిపిస్తే దానికి ఒకటి కలపండి."

తర్వాత ఊలుతో అల్లిన గర్భసంచి.
కాన్పయ్యాక పొట్ట మీద చెయ్యి వేస్తే
నుదురులా తగలాలట.
బుగ్గలా తగిలితే
నిలబడి చూడకూడదట.
ఆ నెలంతా మినీబస్సులో, వంటింట్లో, ప్రార్థనలో
నా నుదురూ నా బుగ్గా నేనే తడుముకున్నాను.
జ్వరమా, అని అడిగింది అమ్మ.

అమ్మమ్మ మంత్రసాని. ఒప్పుకున్నాక
ఏది వచ్చినా పట్టిన చేతులు.
కప్పుల లెక్క చెబితే నవ్వుతుందనుకున్నాను.
చేపల బుట్ట పక్కకు జరిపి
"ఇద్దరు పోయారు నా దగ్గర" అంది.
"మాయ పడింది. బిడ్డ ఏడ్చింది.
అందరం బిడ్డనే చూశాం."
మళ్ళీ బుట్ట దగ్గరకు లాక్కుంది.

జూలైలో, కరెంటు లేని రాత్రి, అసియాతు వచ్చింది.
మూడో కాన్పు. కింద ఆమె సొంత గుడ్డ,
నీలం మీద ఎర్ర సీమకోళ్ళ అచ్చు.
ఫోన్ వెలుగులో బిడ్డ పుట్టింది, ఏడ్చింది,
గదంతా అటు తిరిగింది.
నా చెయ్యి పొట్ట మీద ఉంది.

"బుగ్గ!" అని అరిచాను.
అసియాతు వాళ్ళమ్మ నన్ను వింతగా చూసింది.
మేడమ్ చేతిలో అప్పటికే సూది.
రుద్దాను. ఇంకా రుద్దాను.
నెత్తురేదో కోడేదో తెలియని ఆ గుడ్డను
చూడకుండా లెక్కపెడుతూ,
అరచేతి కింద
నుదురు తేలేదాకా.

తెల్లవారుజామున రిజిస్టర్ తెరిచి అడిగింది మేడమ్.
మూడు, అన్నాను.
ఆమె పెన్ను కదపలేదు.
నాలుగు.
రాసుకుంది.

ఆ గుడ్డ కావాలంది అసియాతు, మంచిది అదొక్కటేనట.
బోరింగు దగ్గర కూర్చుని నేనే ఉతికాను.
నీళ్ళు ఎర్రగా, తర్వాత గులాబీగా, తర్వాత నీళ్ళుగా పోయాయి.
అయినా ఎక్కడ ఆపాలో తెలియక
ఒక సీమకోడిని
చాలాసేపు రుద్దాను.