మూడో అంతస్తు, డండీ

ఏడేళ్ళుగా ఒక్కో గదిలో ఒక్కో ముక్కగా
చూపించుకున్న పిల్ల
ఇవాళ ఒకే కుర్చీలో మొత్తంగా కూర్చుంది.
చుట్టూ చర్మం డాక్టరు, తిండి సంగతి చూసే ఆవిడ,
మాటలు వినడమే పనైన కుర్రాడు.

గోక్కోవద్దని ఎవరూ అనలేదు.
నర్సు మోరాగ్ అడిగింది:
"పోయినవారం ఏం ఆడావు?"

నూలు తొడుగు కొస పీక్కుంటూ మేదిని:
"గుండ్రంగా తిరిగే ఆట.
నా చెయ్యి ఎవరూ పట్టుకోరు.
లాంగ్‌స్లీవ్ పట్టుకుంటారు."

నాకీ మాట ఎప్పుడూ చెప్పలేదు.
నేనడిగిందీ లేదు.
పొద్దున్నే దుప్పటి మీద
నెత్తుటి చుక్కలు లెక్కపెట్టుకునేదాన్ని.

రాత్రి మందు రాసి, తడికట్టు మీద పొడికట్టు చుట్టి
దీపం తీశాను.
చీకట్లో జిడ్డు వేళ్ళు నా వేళ్ళల్లోకి జారాయి.
టే నది వంతెన మీద రైలు వెళ్ళిపోయింది.
ఇంకోటి కూడా.

తెల్లారి మూడు చుక్కలు.
లెక్క మానలేదింకా.