నలభై దగ్గర ముల్లు

అంబత్తూరు ఎస్టేట్‌లో రాత్రి రెండున్నర.
బయట చిత్తిరై ఉక్క,
లోపల పద్దెనిమిది డిగ్రీలు.
శాలువా మెడకి చుట్టుకుని
పద్నాలుగో ర్యాక్ ముందు
స్టూలు లాక్కుని కూర్చున్నాను.

కోయంబత్తూరు నూలుమిల్లు వాళ్ల సర్వర్ అది.
వాళ్ల లెక్కలాయన మరుదాచలం
ఇందాకటి నుంచీ ఫోన్లో ఒకటే పోరు:
"రెండు పాయింట్ ఆరుకి డబ్బు కట్టామమ్మా,
తెర మీద ఒకటి పాయింట్ రెండు అంటోంది.
మిగతాది ఎవరు తిన్నారు?"

ఎవరూ తినలేదండీ అన్నాను.
అన్నానే గానీ, నాకూ అనుమానమే.
పెట్టె మీది చీటీ ఒక మాట, తెర ఒక మాట.
పెళ్లి కుదిర్చే మధ్యవర్తుల్లా
ఇద్దరూ ఎంత ఖాయంగా చెబుతున్నారో!

చివరికి చేతి గడియారమే పట్టుకున్నాను.
పెద్ద లెక్కొకటి ఇచ్చి, ఊఁ కానీ, అన్నాను.
ఫ్యాన్లు గొంతు పెంచాయి.
పదకొండు సెకన్లు.
పక్కనున్న దానికీ, తెర రెండు పాయింట్ ఆరని ఒప్పుకున్న దానికీ,
అదే లెక్క ఇచ్చాను.
పదకొండు సెకన్లు.

అప్పుడు తెలిసింది.
నాలుగు నెలల కిందట, కరెంటు పోయి వచ్చిన రాత్రి
ఇది కళ్లు నులుముకుంటూ లేస్తుండగా
ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కసారి నాడి పట్టుకుంది.
ఒకటి పాయింట్ రెండు. రాసుకుంది.
ఆ తర్వాత ఇదెంత పరిగెత్తినా
మళ్లీ చెయ్యి పట్టుకోలేదు.
ఎవరడిగినా ఆ కాగితమే చదువుతోంది.
అబద్ధమనడానికి నాకు నోరు రాలేదు,
ఆ క్షణానికి అది నిజమే కదా.

మరుదాచలానికి ఇదంతా చెప్పాను.
పదకొండు సెకన్లు ఆయనకి అక్కర్లేదు.
"అంకె మార్చమ్మా. మా ముదలాళి చూసేది అంకెనే."

సరే, ఐదింటికి ఆపి మళ్లీ లేపుతాం అంటూ
కీబోర్డు వైపు చూడకుండా రిపోర్టు కొడుతుంటే
గుర్తొచ్చింది.
తొమ్మిదేళ్ల కిందట చేరిన రోజు,
నూట రెండు జ్వరంతో హెచ్ఆర్ గదిలో ఇచ్చిన పరీక్ష.
నా ఫైల్లో ఇప్పటికీ ఉంది:
పి. వకుళ, టైపింగ్, నిమిషానికి ఇరవై ఎనిమిది మాటలు.
మొన్న ప్రమోషన్ల ముందు ఆ పేజీయే తిప్పారట.
నన్ను ఆపి లేపే బటన్ ఎక్కడుందో
వాళ్లకీ తెలియదు పాపం.

ఐదున్నరకి గార్డు ఎళిలరసు
పట్టరవాక్కం స్టేషన్ దాకా మోపెడ్ ఎక్కించుకున్నాడు.
సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు.
కాలు కింద పెట్టి ఆపాడు.
స్పీడోమీటర్ ముల్లు మాత్రం
నలభై దగ్గరే నిలబడి ఉంది.

"ఎప్పట్నించి?"
"కొన్నప్పట్నించీ అక్కా.
దీని లెక్కన మనం ఈపాటికి ఆవడి దాటేయాలి."

ఎదురుగా టీ బండివాడు
ఇంకా స్టవ్వు వెలిగించలేదు.